ఛాయాచిత్రకారుడు రఘుపతి వెంకయ్యనాయుడు గారు

ఈ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితమును వ్రాసి యిమ్మని మన గ్రంథాలయ కార్యదర్శిగారు నన్ను కోరిరి. కవులను గూర్చియు, దేశనాయకులను గూర్చియు వ్రాయుటకు నాకంటె చదివినవారు పెక్కురు కలరు. నేను గ్రామపు లెక్కలు వ్రాసి బ్రదుకువాడను. భారత భాగవతములు వీథి యరుగుమీద కూర్చుండి, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, నాకు నేనే చదువుకొన్నవాడను. కావున చేతిపనిని నమ్ముకొని బ్రదికి, ఆ పనిలో ఆర్జించినదంతయు కుమారుని విద్యకును, ఆ విద్య నిలువదగిన చోటునకును వెచ్చించిన యొక గృహస్థుని చరిత్ర నాకు నచ్చినది. ఆయన మన కృష్ణా మండలమువారే, బందరులో పుట్టినవారు. పేరు రఘుపతి వెంకయ్యనాయుడు గారు.

తెలుగు సినిమాకు పితామహుడని ఆయనను పిలుచుట అందరు నెరిగినదే. కాని ఆ బిరుదు వెనుక ఫోటోలు తీసి కుటుంబమును పోషించుకొన్న పనివాడు మరుగుపడిపోయినాడు. నేను వ్రాయదలచినది ఆ పనివానిని గూర్చి.

రఘుపతివారి యింట ప్రసిద్ధికెక్కినవారు ఇద్దరు. వెంకయ్యగారి సోదరులు సర్ రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు. కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలకు అధ్యక్షులై, పిదప మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులై, మద్యపానమును, భోగముమేళములను మాన్పింప జీవితమంతయు పాటుపడిన బ్రహ్మర్షి. అట్టి యింటినుండియే వినోద ప్రదర్శనమును వృత్తిగా గైకొన్నవాడొకడు బయలుదేరుట కొందరికి వింతగా తోచవచ్చును. నాకు మాత్రము ఆ యిద్దరి పట్టుదలయు ఒక్క మగ్గము మీద నేసినట్లే కనుపించును.

వెంకయ్యగారు చిన్నవయసుననే బందరు విడిచి చెన్నపట్టణము చేరిరి. మొదట చేతిపని వస్తువులను అమ్ముకొని పొట్ట పోసికొనిరి. పిమ్మట ఛాయాచిత్రములు తీయుట నేర్చుకొని, స్వంతముగా ఒక స్టూడియో పెట్టుకొనిరి.

ఆనాటి ఫోటోపని నేటివలె మీట నొక్కిన ముగియునది కాదు. మందు పూసిన గాజుపలకను వెలుతురు తగులకుండ పెట్టెలో నమర్చవలెను. కూర్చున్నవారు కదలకుండ చూచుకొనవలెను. పలకను చీకటిగదిలోనికి గొనిపోయి, ఎఱ్ఱదీపపు వెలుగున రసాయనములలో ముంచి, కడిగి, ఆరబెట్టవలెను. ఒక నిమిషము ఎక్కువైనను ముఖము నల్లబడును, తక్కువైనను తేలిపోవును. తరువాత సన్నని పెన్సిలుతో మచ్చలు దిద్దవలెను. మా తాతగారి ఫోటో యొకటి మా యింట నున్నది. కుర్చీ వెనుక నెవరో మెడ పట్టుకొన్నట్లు బిగిసి కూర్చున్నారు. దానిని చూచినప్పుడెల్ల తాతగారికంటె ముందు ఆ తీసినవాని ఓర్పే నాకు స్ఫురించును.

ఇట్టి పనిలో స్థిరపడి, నలుగురిలో పేరు తెచ్చుకొని, భార్యాబిడ్డలతో సుఖముగా నున్నవాడు తక్కినది ఏల కోరవలెను? కాని 1910లో విదేశమునుండి వచ్చిన యొక యంత్రము వెంకయ్యగారి కంటబడినది. దానిపేరు క్రోనోమెగాఫోను. బొమ్మ చూపు యంత్రమును, గ్రామఫోను పళ్లెమును జతచేసి, రెండును ఒక్క వేగమున నడుచునట్లు చేసినదది. పాట ముందుగా పళ్లెమున పట్టి, నటులు ఆ పాటకు తగినట్లు పెదవులు కదపగా బొమ్మ తీసెడివారు. ఒత్తిడిపెట్టిన గాలితో ధ్వనిని పెంచి సభ కంతకును వినిపించెడివారు. బొమ్మ ముందుకు పోయినను, పాట వెనుకబడినను యంత్రము త్రిప్పువాడు సరిచేయవలెను. మన భక్త ప్రహ్లాద టాకీ వెలువడినది 1932లో. అంతకు ఇరువదిరెండేండ్ల ముందే వెంకయ్యగారు మద్రాసులో మాటాడు బొమ్మలను చూపిరన్నమాట.

ఆ యంత్రమునకై ఆయన తన స్టూడియోను తాకట్టు పెట్టిరి. యంత్రము వెల ముప్పదివేల రూపాయలని చెప్పుదురు. ఆ రోజుల రూకలతో డెల్టాలో ఎంత మాగాణి కొనవచ్చునో ఈ గ్రామపు పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. తాకట్టు పత్రములు నేను చాల చూచినాను. ఆడపిల్ల పెండ్లికి పెట్టినవి, ఎద్దులకు పెట్టినవి, వ్యాజ్యమునకు పెట్టినవి. ఊరిలో నింకెవరును చూడని వస్తువు కొనుటకై అన్నము పెట్టుచున్న పనిముట్లను తాకట్టు పెట్టిన పత్రము నా చేతిమీదుగా ఎన్నడును రాలేదు. వచ్చియుండినచో వ్రాయుటకు ముందు ఒకటికి రెండు మారులు వద్దని చెప్పియుందును.

ఆయన వద్దనిపించుకొనలేదు. ఎస్ప్లనేడులో డేరా వేసి బొమ్మలు చూపిరి. యంత్రమును మూటగట్టుకొని ఊరూర తిరిగిరి. సింహళమునకు పోయిరి, బర్మాకు పోయిరి. జనము విరుగబడి వచ్చిరి. ఆ ఆదాయముతో మద్రాసు మౌంటురోడ్డు ప్రాంతమున గెయిటీ అను స్థిరమైన సినిమాశాలను కట్టించిరి. 1914 నాటికి అది వెలసినది. ఆ నగరమున భారతీయుడు కట్టిన మొదటి సినిమాశాల యదియే. మన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినదియు ఆ 1914 సంవత్సరముననే. ఈ సంచికలో ఆ మాట చెప్పకుండ ఉండలేకపోతిని. గెయిటీ తరువాత క్రౌను, గ్లోబు అను మరి రెండు శాలలు కట్టించిరి.

ఇక ఆయన కుమారుని సంగతి. పేరు సూర్యప్రకాశ్, 1901లో జన్మించినవారు. మూడు సినిమాశాలలున్న తండ్రి కొడుకును గల్లాపెట్టె దగ్గర కూర్చుండబెట్టిన చాలును. లోకములో పదుగురు చేయునది అదియే. వెంకయ్యగారట్లు చేయలేదు. పరదేశపు బొమ్మలను తెచ్చి చూపుట తన తరముతో ముగియవలెననియు, మన బొమ్మలను మనమే తీయవలెననియు ఆయన కోరిక. అందులకు పనితనము కావలెను. కాబట్టి మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన రోజులలో ప్రకాశ్‌ను ఇంగ్లండునకు పంపిరి. లండను చెంత ఈలింగులో బార్కరు కంపెనీవారి యొద్ద ఆ యువకుడు చిత్రములు తీయు విద్య నేర్చుకొనెను. ఇతర దేశములలోని స్టూడియోలను గూడ చూచి, కెమెరా కొనుక్కొని తిరిగివచ్చెను. కమ్మరి తన కొడుకునకు కొలిమి పని నేర్పును, నేతగాడు నేత నేర్పును. తన దగ్గర లేని విద్యను కొడుకునకు నేర్పుటకై సముద్రము దాటించిన పనివాని నేనింకొకనిని వినలేదు.

1921లో తండ్రికొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అను కంపెనీని స్థాపించి, పురసవాకములో గాజు స్టూడియో కట్టించిరి. విద్యుద్దీపములు చాలని కాలమగుటచే పైకప్పును, గోడలను గాజుతో కట్టి సూర్యుని వెలుగునే వాడుకొనెడివారు. అందు తీసిన మొదటి చిత్రము భీష్మప్రతిజ్ఞ. అది మూకీ. దర్శకుడు ప్రకాశే, భీష్ముడును ప్రకాశే. గంగగా ఒక తెల్లదొరసాని నటించినది. మన స్త్రీలు తెర మీదికి వచ్చుటకు జంకెడి కాలమది. ఆ సంవత్సరముననే బెజవాడలో పోతిన శ్రీనివాసరావుగారు మారుతి సినిమాశాలను తెరచిరి. గవర్నరుపేట వీథులలో సినిమాహాళ్లు వెలసినది, బెజవాడ చిత్రముల పంపిణీకి ముఖ్యస్థానమైనది అటుపిమ్మటనే.

ఆ కథనే మొదట ఏల ఎంచుకొనిరో గాని, ఆదిపర్వము చదువునప్పుడెల్ల నాకది జ్ఞప్తికి వచ్చును. భారతమున శంతనుని కోరిక తీర్చుటకై కొడుకు రాజ్యమును, సంసారసుఖమును వదలుకొనెను. పురసవాకపు గాజు ఇంటిలో భీష్ముని వేషము వేసికొని నిలిచినవాడు కొడుకే. కాని వదలుకొన్నవాడు మాత్రము తెర వెనుక నున్న తండ్రి.

వదలుకొనుట యని ఊరక అనుటలేదు. ముడిఫిలిము విదేశమునుండి రావలెను. కెమెరాకు, గాజు భవనమునకు, నటులకు పెట్టుబడి ముందు పెట్టవలెను. చిత్రము చూపుటకు దేశమున హాళ్లు వ్రేళ్లమీద లెక్కింపదగినన్నియే. మరికొన్ని చిత్రములు తీసిరి. నష్టము పూడలేదు. కంపెనీ కొలది యేండ్లలోనే మూతబడినది. ఫోటోపనితో మొదలై కూడబెట్టిన ఆస్తి కరగిపోయినది. గెయిటీయు పరుల చేతులలోనికి పోయినది. నా వంటి లెక్కలవాడు ఆ ఖాతా చూచినచో ఖర్చు పద్దు మాత్రమే నిండుగా కనబడును.

జమ పద్దులో వ్రాయదగినవి ఆ ఖాతాలో చేరలేదు, అవి ఇతరుల ఇండ్లలో చేరినవి. కాకినాడవాసి చిత్తజల్లు పుల్లయ్యగారు ప్రకాశ్ యొద్ద పని నేర్చుకొని పోయి, తమ ఊరిలోనే మూకీ తీసి, 1934లో లవకుశ టాకీతో తెలుగుదేశము నంతటిని కంట తడిపెట్టించిరి. ప్రకాశ్ తాను పరుల కంపెనీలలో పనిచేయుచు మూకీలను, టాకీలను తీయుచు 1956లో మరణించువరకు ఆ వృత్తిలోనే నిలిచెను. తండ్రి నేర్పించిన పనిని కొడుకు విడువలేదు. తండ్రి ఆస్తి పోయినందుకు ఆ పనిని తిట్టుకొని వేరొక దారి పట్టలేదు. ఇది నాకు పెద్దగానే తోచుచున్నది.

వెంకయ్యనాయుడు గారు 1941 మార్చి 15వ తేదీన మద్రాసులో కన్నుమూసిరి. అప్పటికి తెలుగు టాకీకి తొమ్మిదేండ్లు నిండినవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆయన పేర బహుమానము నెలకొల్పి, 1980 సంవత్సరమునకు దానిని మొదటిసారిగా ఎల్.వి. ప్రసాద్ గారికి ఇచ్చినది. ఫోటోలు తీసిన ఆ స్టూడియో లేదు. గెయిటీ హాలును లేదు. భీష్మప్రతిజ్ఞ రీళ్లును మిగులలేదు. ఆ కథ కావలసినవారు మన గ్రంథాలయమున కుడివైపు బీరువాలో నున్న ఆదిపర్వమునే తీసికొనవలెను.