మ్యూలెన్‌బర్గు గారి వంశావళి



మత్తయి సువార్త మొదటి అధ్యాయము తెరచినప్పుడు మనలో అనేకులు ఆ పేర్ల వరుసను దాటి పదునెనిమిదవ వచనమునకు పోవుదురు. అయితే ఆ వరుసలో పరదేశియైన రూతు ఉన్నది, తండ్రి మార్గము విడిచిన కుమారులును ఉన్నారు. అట్టి యొక వంశావళిని ఈ నెల చూతము.

హెన్రీ మెల్కియోర్ మ్యూలెన్‌బర్గు గారు 1711 సెప్టెంబరు 6న జర్మనీలోని ఐన్‌బెక్ పట్టణమున జన్మించిరి. తరంగంబాడికి బోధకులను పంపిన హాలె పట్టణపు పెద్దలు ఈయనను కూడ మన దేశమునకు పంపదలచిరి గాని ఆ యాలోచన సాగలేదు. 1741లో, సరిగా ఆయన ముప్పదియవ జన్మదినమున, పెన్సిల్వేనియాకు పిలుపు వచ్చెను. అప్పుడది అమెరికాలో ఇంగ్లీషువారి వలస రాజ్యము. అక్కడ స్థిరపడిన జర్మను రైతులు కాపరిలేని మందవలె ఉండిరి. 1742 నవంబరులో ఫిలడెల్ఫియా చేరి, ఆ పట్టణములోని సంఘమును, ట్రాప్, న్యూ హానోవర్ అను పల్లెల సంఘములను గుర్రముపై తిరుగుచు పోషించిరి.

1745లో అన్నా మరియా వైజర్ అను కన్యకను వివాహమాడిరి. ఆమె తండ్రి కొన్రాడ్ వైజర్ సంగతి చెప్పక తప్పదు. ఈయన 1710లో బాలుడుగా జర్మనీనుండి వచ్చెను. తండ్రి ఇతనిని ఒక చలికాలమంతయు మోహాకులను ఆదివాసుల మధ్య ఉంచగా, ఆకలికోర్చి వారి భాష నేర్చుకొని, పిమ్మట వారికిని ప్రభుత్వమునకును నడుమ దుబాసియై సంధులు కుదిర్చెను.

1748లో మ్యూలెన్‌బర్గు గారు అక్కడి లూథరను సంఘములను పెన్సిల్వేనియా మినిస్టీరియముగా కూర్చిరి. ఆ మినిస్టీరియమువారే తరువాత హయ్యరు అయ్యగారిని పంపగా, ఆయన 1842 జులై 31న గుంటూరు చేరిరి. తాను రాలేకపోయిన దేశమునకు తాను నాటిన చెట్టు కొమ్మ వచ్చినది!

ఆ దంపతులకు పదునొకండుగురు పిల్లలు పుట్టగా ఏడుగురే పెద్దవారైరి. కుమారులు ముగ్గురును ప్రసంగపీఠ మెక్కవలెనని తండ్రి కోరిక. 1763లో ముగ్గురిని హాలెకు పంపిరి, కడవానికి తొమ్మిదేండ్లే. ఏ తల్లి మనస్సు ఊరకుండును?

పెద్దవాడు పీటర్ దుడుకువాడు. వర్తకుని యొద్ద పనికి కుదర్చగా తప్పించుకొని, సిపాయిలలో కలిసి ఇల్లు చేరెను. అయినను బోధకుడై వర్జీనియాలో సేవచేసెను. 1776లో స్వాతంత్ర్య యుద్ధము రాగా పీఠము దిగి కత్తి పట్టి, జనరలయ్యెను. అది తప్పని తమ్ముడు ఫ్రెడ్రికు జాబు వ్రాయగా అన్నదమ్ములకు మాట పెరిగెను. తీరా ఆ యేడే ఇంగ్లీషు సేన సమీపించగా ఫ్రెడ్రికు న్యూయార్కు సంఘమును విడిచి పారిపోవలసివచ్చెను. 1779లో తానును సేవ మానుకొని రాజకీయములలో దిగెను.

తండ్రికి ఇది నొప్పి. పుట్టిన హానోవరు సీమ ప్రభువే ఇంగ్లాండు రాజు. ఆ రాజుపైనే పెద్దకుమారుని కత్తి. రెండవవాడు పీఠమునే వదలెను. 1787 అక్టోబరు 7న ట్రాప్‌లో ఆయన ప్రభువునందు నిద్రించిరి. 1789లో ఫ్రెడ్రికు అమెరికా ప్రతినిధుల సభకు మొదటి స్పీకరైన సంగతి ఆయన యెరుగరు. ఎరిగినను సంతోషించెడివారో లేదో!

కడవాడు హెన్రీ ఎర్నెస్టు మాత్రము లాంకాస్టరు సంఘమును 1780 మొదలు 1815లో మరణించువరకు కాచెను. తీరిక వేళల పొలములవెంట తిరిగి మొక్కలను పరిశోధించెను. ఒక గడ్డిజాతికి నేటికిని ఆయన పేరే.

ఫ్రెడ్రికు 1801లో తమ్ముడు కాపరియైన ఆ లాంకాస్టరులోనే కన్నుమూసెను. 1807లో మరణించిన పీటరును ట్రాప్‌లో, తండ్రి కట్టించిన గుడి ఆవరణములో, తండ్రి యొద్దనే పాతిపెట్టిరి.