శ్రీ సురవరము ప్రతాపరెడ్డిగారి చరిత్రము

నాటి పాలమూరు మండలమున, కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డసీమలోని ఇటిక్యాలపాడు శ్రీ సురవరము ప్రతాపరెడ్డిగారి స్వగ్రామము. వారు 1896వ సంవత్సరము మే 28వ తేదీని జన్మించిరి. వర్షము తక్కువ సీమయే యైనను, గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురము సంస్థానములు పండితుల నాదరించుచుండుటచే అచట విద్యకు కరవు లేకుండెను. రెడ్డిగారు మదరాసున చదివి పట్టభద్రులై, న్యాయశాస్త్రమును గూడ నభ్యసించి, హైదరాబాదునందలి రెడ్డి విద్యార్థివసతిగృహమునకు పర్యవేక్షకులైరి. సంస్కృతాంధ్రములతోపాటు ఉర్దూ పారసీకములును వారికి పరిచితములు.

1926 మే 10వ తేదీని గోలకొండ పత్రిక వెలువడెను. అంతకు నాలుగేండ్లకు ముందే నల్లగొండనుండి నీలగిరి పత్రికయు, ఇనుగుర్తినుండి తెనుగు పత్రికయు పుట్టియుండెను. రాజభాష ఉర్దూ, తెలుగు చదువుటకు సిగ్గుపడు విద్యావంతులు నగరమున అరుదు కారు. అట్టి తావున వారమునకు రెండు మారులు తెలుగుపత్రికను నడపుట రచనాశక్తి యొక్కటితో సాగు పని కాదు. సంపాదకీయము వ్రాసిన చేతితోనే రెడ్డిగారు ప్రూఫులను దిద్దవలసివచ్చెను. 1930లో జోగిపేటయందు జరిగిన ప్రథమాంధ్రమహాసభకు వారే అధ్యక్షులైరి.

ఇంతలో, నిజాము రాష్ట్రమున తెలుగుకవులు పూజ్యమని యొక పండితుడు వ్రాసెను. దానికి సమాధానముగా రెడ్డిగారు గ్రామగ్రామమునుండి వివరములు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు చేరిరి. పాలమూరు, నల్లగొండ మండలములవారు వారిలో నున్నారు. ఉత్తములను నలువదిమందిని మాత్రమే యేరియుండిన గ్రంథము సొగసుగా నుండెడిదని యెవరైన ననవచ్చును. మాకట్లు తోచదు. కవులే లేరన్నవానికి మంచికవుల గుణగణములు బదులు కావు; లెక్కయే బదులు. మారుమూల పల్లెలో నాలుగు పద్యములు వ్రాసికొన్న వానినిగూడ విడువకపోవుటయందే ఆ గ్రంథముయొక్క బలమున్నది.

ఇదే దృష్టి 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘికచరిత్రమున పరిపక్వమయ్యెను. తూర్పు చాళుక్యుల కాలము మొదలు 1907 వరకు సామాన్యజనులు తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన యాట, ఇచ్చిన పన్ను అందలి విషయములు. ఆధారములు శాసనములకన్న ఎక్కువగా కావ్యములు: పాల్కురికి సోమనాథుని కృతులు, క్రీడాభిరామము, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి. నిఘంటుకారులు ఒక యాట యనియో, ఒక భక్ష్యమనియో వ్రాసి దాటిపోయిన మాటలయొద్ద రెడ్డిగారు నిలిచి, అది యే యాట, ఎట్టి భక్ష్యము అని విచారించిరి.

ఒక యుదాహరణము చూతము. క్రీడాభిరామమున ఓరుగంటి పూటకూటింట ఒక రూకకు దొరకు భోజనము వర్ణింపబడినది: మేలైన వరియన్నము, గోధుమల పిండివంట మున్నగునవి. రుచుల పట్టికగా చదువువానికి అది రుచుల పట్టికయే. సాంఘికచరిత్రకారుని కన్నులతో చూచిన, చుట్టములు లేని బాటసారియు రూక చెల్లించి కడుపునిండ తినగల రాజధాని, దానితో పరదేశులు వచ్చిపోవు వర్తకము, పల్లెకును పట్టణమునకును గల భేదము కానవచ్చును. గణపతిదేవుని దండయాత్రల నెన్ని మారులు చదివినను ఈ సంగతి తెలియదు.

గ్రంథమున లోపము లేదని మేమనము. కొన్ని ప్రకరణములందు వస్త్రముల పేర్లును ఆటల పేర్లును వరుసగా వచ్చిపడి, చదువరి దారి తప్పును. కావ్యమందలి వర్ణన కవిసమయమో, కవి కన్నులార చూచినదో అను సందేహమునకు అచ్చటచ్చట ఇంకను విచారణ యవసరము. కాని ఆ పేర్లను అప్పుడు కూర్పకున్న, నేడు విచారించుటకు మనకేమి మిగిలియుండెడిది? ఆ యాట లాడినవారును, ఆ మాటలకర్థము చెప్పగల ముసలివారును అప్పటికే తరిగిపోవుచుండిరి.

1952లో రెడ్డిగారు వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. 1953 ఆగస్టు 25వ తేదీని కాలధర్మము నొందిరి. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగునకు తొలి బహుమానము నిచ్చినపుడు అది ఆంధ్రుల సాంఘికచరిత్రమునకే లభించెను. అందుకొనుటకు గ్రంథకర్త లేకుండెను.