డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

శాస్త్రజ్ఞుని ప్రతిభ లోకానికి వెల్లడి అయిన పిదప అతనికి సన్మానాలకు, సహాయాలకు కొదవ ఉండదు. ప్రతిభ ఇంకా బయటపడని తొలి రోజుల్లో నమ్మి ధనమిచ్చి నిలబెట్టేవారు మాత్రం అరుదు. ఈ సత్యాన్ని డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం కన్న స్పష్టంగా చెప్పగలది మరొకటి లేదని మేము భావిస్తున్నాము.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించారు. బాల్యంలో చదువుపై మనసు నిలువలేదు. మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవ ప్రయత్నంలోగాని ఉత్తీర్ణులు కాలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చేరిన తరువాత గాంధీజీ పిలుపు ననుసరించి ఖద్దరు ధరించి, ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురి అయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. అదే కాలంలో సోదరులిద్దరు స్ప్రూ అనే గ్రహణి వ్యాధికి బలి అయ్యారు. రోగమూలాన్ని కనుగొనాలన్న సంకల్పం ఆయన హృదయంలో అప్పుడే పాదుకొన్నది.

అమెరికా వెళ్లి పరిశోధన చేయాలన్న కోరిక ఉన్నది గాని, చేతిలో ధనం లేదు. చూపడానికి గొప్ప పట్టా లేదు, ప్రకటించిన పరిశోధన లేదు. అట్టి యువకునికి చేయూత నిచ్చినవారు మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ. రంగూనులో వ్యాపారం చేసి గడించిన ధనాన్ని విద్యాదానానికి వినియోగించిన దాత పేర వెలసిన సంస్థ అది. ఆ సహాయంతో సుబ్బారావుగారు బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం అభ్యసించారు.

అక్కడ కూడ కష్టాలు తప్పలేదు. తెచ్చుకొన్న ధనం చాలక, ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పనికి కుదిరారు. వైద్యశాస్త్ర పట్టభద్రుడు అట్టి పనిని చిన్నతనంగా తలచలేదు. ఇంతలో తాను కన్నులార చూడని కుమారుడు స్వదేశంలో పసితనంలోనే మరణించాడు. భార్య శేషగిరిగారిని మళ్లీ కలుసుకొనే భాగ్యం ఆయనకు కలుగలేదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తమూత్రాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా అది జీవరసాయన విద్యార్థు లందరికీ సుపరిచితం. పిదప కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. పదార్థాలను వారిరువురు వెలికి తెచ్చారు. 1930లో డాక్టరేటు లభించింది. అయినను హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి నీయలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలలో చేరిన తరువాతనే ఆయనకు కావలసిన ధనం, పరికరాలు, సహచరులు సమకూరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికే అది ఔషధ మయింది. కణాల వృద్ధికి ఫోలిక్ ఆమ్లం అవసరం. దానిని పోలి ఉండి దాని పనిని అడ్డగించే పదార్థం దొరికితే రక్తపు క్యాన్సర్ కణాల వృద్ధి కుంటుపడాలి. అట్టి పదార్థమైన అమినోప్టెరిన్‌ను సుబ్బారావుగారి బృందమే తయారు చేసి, బోస్టన్‌లోని డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కు అందజేసింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల ప్రకారం, చికిత్స పొందిన 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించింది. ఆ గుణం తాత్కాలికమే అయినను, అంతవరకు ఆశయే లేని వ్యాధికి అది తొలి వెలుగు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్, కీళ్లవాత చికిత్సలలో వాడుకలో ఉన్నది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ కూడ ఆయన పరిశోధనశాల ప్రసాదమే.

అదే 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయసులో, ఆ మహనీయుడు హృద్రోగంతో కన్నుమూశారు. 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మారకంగా తపాలా బిళ్లను విడుదల చేసింది.

కాకినాడ దాతలు పట్టాలను, మార్కులను మాత్రమే తూచి ఉంటే ఈ చరిత్ర లేదు. విద్యార్థి సోదర సోదరీమణులు పరీక్షలో ఓటమికి క్రుంగిపోరాదనియు, కళాశాల సంఘంవారు పేద విద్యార్థుల తొలి అవసరాన్ని గుర్తెరిగి సకాలంలో ఆదుకొన వలసినదనియు మేము సవినయంగా కోరుచున్నాము.