అయ్యగారి సాంబశివరావు

భారతదేశంలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమకు పునాది వేసినవారిలో అయ్యగారి సాంబశివరావు అగ్రగణ్యులు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే కొంతకాలం బోధించి, టాటా విద్యార్థివేతనంతో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లి విద్యుత్ ఇంజనీరింగు అభ్యసించారు. తిరిగివచ్చి బొంబాయిలో హోమీ భాభా నెలకొల్పిన టాటా మౌలిక పరిశోధన సంస్థలో చేరి, విశ్వకిరణాల పరిశోధనకు పూనుకొన్నారు.

విశ్వకిరణాలు కంటికి కనబడవు. వాటి రాకను గుర్తించేవి గైగర్ నాళిక వంటి సాధనాలు. వీటికి వందల వోల్టుల విద్యుత్తు కావాలి. అంతకంటె ముఖ్యంగా ఆ వోల్టేజి చలించకుండా ఉండాలి. కోసిగి వంటి ఊళ్లలో మోటార్లన్నీ ఒక్కసారి తిరగనారంభిస్తే ఇంటిదీపం మసకబారుతుంది. దీపానికి అది చిన్న లోపమే. కాంతిగుణక నాళికకు మాత్రం వోల్టేజిలో ఒక శాతం మార్పు వస్తే స్పందనలో ఏడు శాతమో, అంతకు మించియో తేడా వస్తుంది. అప్పుడు పరికరం చూపే అంకె ప్రకృతిది కాదు, కరెంటుది!

అందువల్ల కొలిచే పరికరంలో విద్యుత్ సరఫరా విభాగం చూపరులకు ఆనకపోయినా నిర్మాతకు గట్టి పరీక్ష. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని పెంచుతుంది. రెక్టిఫయర్ దానిని ఏకముఖ ప్రవాహంగా మార్చుతుంది. మిగిలిన అలలను కెపాసిటర్లు అణచివేస్తాయి. అంతటితో స్థిరత్వం సిద్ధించదు. వాల్వుల కాలంలో, వాయువు నింపిన ఒక నాళిక ఇచ్చే నిలకడైన వోల్టేజిని ప్రమాణంగా ఉంచుకొని, బయటికి వచ్చే వోల్టేజిని దానితో అనుక్షణం సరిపోల్చేవారు. తేడా కనబడగానే దానిని వర్ధకం పెద్దది చేసి నియంత్రక వాల్వుకు అందించేది. ఆ వాల్వు తప్పును దిద్దేది.

ఇటువంటి పరికరాలకు విదేశాలపై ఆధారపడిన రోజులవి. ట్రాంబేలో ఎలక్ట్రానిక్స్ విభాగానికి సారథ్యం వహించిన సాంబశివరావు, వాటిని ఇక్కడే తయారు చేయాలని పట్టుబట్టారు. ఆ పట్టుదలకు పరీక్షగా వచ్చింది అప్సర రియాక్టరు. రియాక్టరులో మీటరు తక్కువ చూపితే, నడిపేవాడు శక్తిని ఇంకా పెంచవచ్చు. కనుక అక్కడ తప్పుడు కొలత ప్రాణాపాయం. ఇంధనం బ్రిటన్ నుండి వచ్చింది. నియంత్రణ వ్యవస్థను మాత్రం సాంబశివరావు బృందమే రూపొందించింది. 1956 ఆగస్టు 4న అప్సర పనిచేయనారంభించింది.

1965లో ఆయనకు భట్నాగర్ పురస్కారం లభించింది. 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ఆయన నేతృత్వంలో ఆవిర్భవించి, రియాక్టర్ల నియంత్రణ పరికరాలతోపాటు టెలివిజన్లను, కంప్యూటర్లను కూడా తయారు చేసింది. 1972లో పద్మభూషణ్ వరించింది. 2003లో కన్నుమూశారు. ఇ.సి.ఐ.ఎల్. సమీపంలోని ఎ.ఎస్. రావు నగర్ ఆయన పేరిట వెలసినదే.