పదేళ్ల నిబంధన, వేరే గోడ: సాచెల్ పేజ్ జీవితం

1971 ఫిబ్రవరి 9న న్యూయార్క్‌లో అమెరికా బేస్‌బాల్ పెద్దలు విలేకరులను పిలిచి ఒక ప్రకటన చేశారు. సాచెల్ పేజ్ అనే నల్లజాతి ఆటగాడిని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపిక చేశామన్నారు. చప్పట్లు ఆగకముందే అసలు సంగతి బయటికొచ్చింది. ఆయన పేరున్న ఫలకాన్ని మిగతా మహామహుల ఫలకాలు వేలాడే హాలులో పెట్టరట. అదే భవనంలో, నల్ల ఆటగాళ్ల కోసం విడిగా కేటాయించే చోట పెడతారట.

మన ఊళ్లలో రెండు గ్లాసుల టీ కొట్లు చూసిన వాళ్లకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. కొట్టు ఒకటే, టీ ఒకటే, గ్లాసే వేరు.

పేజ్ ఆట గొప్పదనం గురించి ఇంగ్లీషులో పుస్తకాలకు పుస్తకాలే ఉన్నాయి. మేము ఈ వ్యాసంలో ఆయన జీవితాన్ని ఒక నిబంధన పక్కన పెట్టి చూస్తున్నాం. ఎందుకంటే కులం పేరు, రంగు పేరు ఎక్కడా రాయకుండానే మనిషిని గేటు బయట ఆపగలిగిన నిబంధన అది. అలాంటి నిబంధనలు మనకూ తెలుసు.

సంచులు మోసిన పిల్లవాడు

లెరాయ్ పేజ్ 1906 జూలై 7న అలబామా రాష్ట్రంలోని మొబిల్ పట్టణంలో పుట్టారు. తల్లి లూలా. ఇంటినిండా పిల్లలు, చాలని సంపాదన. చిన్నప్పుడే రైల్వే స్టేషన్‌లో ప్రయాణికుల సంచులు మోశారు. సాచెల్ అంటే సంచి. ఆ పేరు అలా అతుక్కుందనే ఎక్కువమంది చెబుతారు.

పన్నెండేళ్ల వయసులో చిల్లర దొంగతనం, బడి ఎగ్గొట్టడం అనే నేరాల మీద ఆయన్ను మౌంట్ మేగ్స్‌లోని నల్లపిల్లల సంస్కరణ పాఠశాలకు పంపారు. పేరుకే పాఠశాల. పిల్లవాడు బయటికి రావడానికి అయిదేళ్లకు పైగా పట్టింది. బంతి విసరడం ఒక విద్యగా నేర్చుకున్నది మాత్రం అక్కడే. క్రికెట్‌లో బౌలర్ ఎలాగో బేస్‌బాల్‌లో పిచర్ అలాగ. పొడుగాటి కాళ్లు చేతులున్న ఆ కుర్రాడు పిచర్‌గా బయటికొచ్చాడు.

1926లో చట్టనూగాలోని నల్లవాళ్ల జట్టులో చేరారు. తర్వాత బర్మింగ్‌హామ్, ఆ తర్వాత పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్. ఇవన్నీ చరిత్రలో నీగ్రో లీగ్స్ అనే పేరుతో నమోదైన పోటీల చుట్టూ తిరిగిన జట్లు. మేజర్ లీగ్స్ అనే పెద్ద పోటీల్లో నల్లవాళ్లకు చోటు లేదు కాబట్టి వాళ్లు సొంత జట్లు, సొంత లీగులు కట్టుకున్నారు. 19వ శతాబ్దం చివరి నుంచి 1947 దాకా అదే పరిస్థితి. నల్లవాళ్లను తీసుకోకూడదని మేజర్ లీగ్స్ నియమావళిలో ఒక్క వాక్యం కూడా లేదు. అది యజమానుల మధ్య నోటిమాట ఒప్పందం. రాతలో లేని నియమం రాసిన నియమం కన్నా గట్టిగా అమలైంది.

ఆ జట్ల ప్రయాణాలు బస్సుల్లో, కార్లలో సాగేవి. ఒకే రోజు రెండు మూడు మ్యాచ్‌లు ఆడిన సందర్భాలున్నాయి. స్టేడియం నిండా జనం చూసిన ఆటగాడికి ఆ రాత్రి అదే ఊళ్లో హోటల్ గది దొరికేది కాదు, తిండి పెట్టే చోటు దొరికేది కాదు. బస్సులోనే పడుకునేవాళ్లు.

సీజన్ అయిపోయాక మాత్రం తెల్లవాళ్ల స్టార్లు, నల్లవాళ్ల స్టార్లు ఊరూరా తిరిగి ప్రదర్శన మ్యాచ్‌లు ఆడేవారు. డిజీ డీన్, జో డిమాజియో, బాబ్ ఫెల్లర్ లాంటి తెల్ల దిగ్గజాలకు పేజ్ ఎదురు నిలిచింది ఈ మ్యాచ్‌ల్లోనే. ఆయన సమ ఉజ్జీ అని, కొన్ని రోజుల్లో అంతకన్నా ఎక్కువని వాళ్లందరికీ తెలుసు. 1942లో నల్లవాళ్ల వరల్డ్ సిరీస్‌లో పేజ్ కాన్సస్ సిటీ మొనార్క్స్ తరఫున విసురుతూ, బేసులన్నీ నిండి ఉండగా జోష్ గిబ్సన్‌ను స్ట్రైకౌట్ చేశారు. గిబ్సన్ అంటే ఆ కాలపు అతి భీకరమైన బ్యాటర్.

నలభై రెండేళ్ల కొత్త కుర్రాడు

1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టు తరఫున మేజర్ లీగ్ మైదానంలో అడుగుపెట్టారు. ఆధునిక కాలంలో అలా అడుగుపెట్టిన తొలి నల్ల ఆటగాడు ఆయనే. అంతకు మూడు నెలల ముందే, జనవరిలో, జోష్ గిబ్సన్ 35 ఏళ్లకే చనిపోయారు. పేజ్‌కు అప్పటికి నలభై దాటాయి.

1948 జూలైలో, సరిగ్గా పుట్టినరోజు నాడు, క్లీవ్‌లాండ్ జట్టు యజమాని బిల్ వీక్ పేజ్‌తో ఒప్పందం చేసుకున్నారు. మేజర్ లీగ్‌లో అంత వయసులో కొత్తగా చేరినవాళ్లు అంతకుముందు లేరు. టికెట్లు అమ్ముకోవడానికి ముసలాయనను తెచ్చారని ఒక పేరున్న బేస్‌బాల్ పత్రిక ఎగతాళి చేసింది. పేజ్ బంతితో జవాబు చెప్పారు. ఆ సగం సీజన్‌లో ఆరు మ్యాచ్‌లు గెలిపించారు, ఓడింది ఒక్కటి. ఆగస్టులో ఒక రాత్రి ఆయన ఆట చూడటానికి 78 వేల మందికి పైగా వచ్చారు. ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వలేదు. ఆ ఏడాది క్లీవ్‌లాండ్ వరల్డ్ సిరీస్ గెలిచింది. వరల్డ్ సిరీస్‌లో బంతి విసిరిన తొలి నల్ల పిచర్ పేజే.

తర్వాత సెయింట్ లూయిస్ జట్టులో ఉండగా 1952, 1953లలో ఆల్ స్టార్ జట్టుకు ఎంపికయ్యారు. 1965లో, 59 ఏళ్ల వయసులో, కాన్సస్ సిటీ తరఫున బోస్టన్ మీద మూడు ఇన్నింగ్స్ విసిరి ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. మూడేళ్ల తర్వాత, 1968లో, మేజర్ లీగ్ పెన్షన్‌కు కావాల్సిన రోజుల్లో ఆయనకు ఇంకా 158 తక్కువయ్యాయి. జట్లకు మొరపెట్టుకుంటే చాలావరకు మొహం చాటేశాయి. చివరికి అట్లాంటా జట్టు తీసుకుని ఆ రోజులు పూర్తి చేయించింది. నలభై ఏళ్లు స్టేడియాలు నింపిన మనిషి, పెన్షన్ కోసం రోజులు లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది.

ఎంపిక ఎలా జరుగుతుంది

న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1939లో తెరుచుకుంది. తొలి ఎన్నిక మాత్రం 1936లోనే జరిగింది. అప్పటి నుంచీ ప్రధానమైన దారి ఒకటే. బేస్‌బాల్ రచయితల సంఘంలోని సీనియర్ సభ్యులు ఓటేస్తారు. నూటికి 75 ఓట్లు రావాలి. ఒక్కో ఓటరు పదిమందికి మించి పేర్లు రాయకూడదు. ఆటగాడు రిటైరై ఐదేళ్లు గడవాలి. మేజర్ లీగ్స్‌లో పది సీజన్లు ఆడి ఉండాలి. ఆ దారిలో రానివాళ్లను చూడటానికి వేరే కమిటీ ఉంటుంది.

చదివితే ఎంత న్యాయంగా ఉంది! రంగు ఊసే లేదు. కానీ పది సీజన్ల నిబంధనను పేజ్ మీద పెట్టి చూడండి. ఇరవై ఏళ్లకు పైగా ఆయనకు గేటు మూసి ఉంచారు. తెరిచాక ఆయన మేజర్ లీగ్‌లో కనిపించింది ఆరు సీజన్లలో. గేటు మూసినవాళ్లే, లోపల పదేళ్లు ఎందుకు లేవని అడుగుతున్నారు. జోష్ గిబ్సన్‌కైతే ఒక్క రోజు కూడా లేదు.

ఇక ఓటర్ల సంగతి. ఆ రచయితల సంఘంలోనూ మొదట్లో నల్లవాళ్లు లేరు. బాల్టిమోర్ పత్రికా రచయిత శామ్ లేసీ 1948లో చేరారు. తొలి నల్ల సభ్యుల్లో ఆయన ఒకరు. చేరిన వెంటనే ఓటు రాదు, దానికీ పదేళ్ల సభ్యత్వం కావాలి. మూడోది రికార్డు. నల్లవాళ్ల మ్యాచ్‌ల స్కోర్లను తెల్ల పత్రికలు పట్టించుకోలేదు. పిట్స్‌బర్గ్ కొరియర్, షికాగో డిఫెండర్ లాంటి నల్ల పత్రికలు రాసుకున్నంతే మిగిలింది. తర్వాత, గణాంకాలు లేవు కదా అనడం కూడా ఒక అనర్హత అయింది.

నిబంధనల్లో మరో మాట ఉంది: ఆటతోపాటు ఆటగాడి నిజాయితీ, క్రీడాస్ఫూర్తి, నడవడిక కూడా చూడాలి. నల్ల ఆటగాళ్లతో తలపడనని మొండికేసిన 19వ శతాబ్దపు ఆటగాడు క్యాప్ యాన్సన్ 1939లోనే లోపలికొచ్చారు. ఒక్క నల్ల ఆటగాడూ లేకుండా 24 ఏళ్లు కమిషనర్‌గా ఏలిన ల్యాండిస్‌ను 1944లో, చనిపోయిన వెంటనే, ఎంపిక చేశారు. డీన్ 1953లో, డిమాజియో 1955లో, ఫెల్లర్ 1962లో వచ్చారు. పేజ్‌తో తలపడినవాళ్లు లోపల, పేజ్ బయట.

ఆ అయిదు నెలలు

1962లో జాకీ రాబిన్సన్ హాల్‌లోకి వచ్చిన తొలి నల్ల ఆటగాడయ్యారు. పది సీజన్లు ఆయనకున్నాయి. 1966లో తెల్ల దిగ్గజం టెడ్ విలియమ్స్ తన సన్మాన సభలోనే పేజ్, గిబ్సన్‌ల పేర్లు ఎత్తి, వాళ్లకూ ఇక్కడ చోటుండాలని కోరారు. అవకాశం దొరకలేదన్న ఒక్క కారణంతోనే వాళ్లు బయట ఉన్నారని గుర్తుచేశారు. నల్ల పత్రికలు ఎప్పటి నుంచో చెబుతున్న మాటే అది. తెల్ల నోటి నుంచి వచ్చాక పెద్దలకు వినపడింది.

1971లో కమిషనర్ బౌవీ కూన్ నీగ్రో లీగ్స్ ఆటగాళ్ల కోసం ప్రత్యేక కమిటీ వేశారు. శామ్ లేసీ, వెండెల్ స్మిత్ లాంటి జర్నలిస్టులు, రాయ్ కాంపనెల్లా, మాంటే ఇర్విన్, జూడీ జాన్సన్ లాంటి ఆటగాళ్లు అందులో ఉన్నారు. తొలి పేరు పేజ్. కానీ పెద్దల వాదన పాతదే: పది సీజన్లు లేవు కాబట్టి అసలు హాలులో పెట్టలేం, పక్కన పెడతాం.

పేజ్ ఆ రోజు మర్యాదగానే మాట్లాడారు. అరవై దాటిన మనిషి, బతుకంతా పక్క దారుల్లో నడిచినవాడు. ఆయన మౌనంగా ఉన్నంత మాత్రాన ఊరుకోని వాళ్లున్నారు. పత్రికల్లో రచయితలు, ఆటగాళ్లు, అభిమానులు దుమ్మెత్తిపోశారు. బస్సులో వెనక సీట్లు, బడుల్లో వేరే గదులు చట్టపరంగా పోయిన దేశంలో, గౌరవానికి కూడా వేరే గదా అని నిలదీశారు. జూలై 7న, ఆయన పుట్టినరోజు నాడు, పెద్దలు వెనక్కి తగ్గారు. పేజ్ పూర్తి సభ్యుడేనని, ఫలకం అందరితోపాటే ఉంటుందని ప్రకటించారు. ఆగస్టు 9న సన్మానం జరిగింది. మరుసటి ఏడాది గిబ్సన్, బక్ లెనార్డ్ వచ్చారు.

అక్కడితో కథ ముగిసిందనుకుంటే పొరపాటు. ఆ కమిటీ 1977 దాకా తొమ్మిదిమందిని ఎంపిక చేసి మూతపడింది. వందలమంది ఆడిన లీగులకు తొమ్మిది కుర్చీలు! తర్వాత ఒకరూ ఇద్దరూ వస్తూ ఉన్నారు. 2000లో మేజర్ లీగ్స్ రెండున్నర లక్షల డాలర్లిచ్చి నల్లవాళ్ల బేస్‌బాల్ చరిత్రను తవ్వించాయి. పాత పత్రికలు తిరగేసి స్కోర్లు కూర్చాక, 2006లో ఒకేసారి 17 మంది ఎంపికయ్యారు. వాళ్లలో జట్టు యజమానురాలు ఎఫా మేన్లీ హాల్‌లోకి వచ్చిన తొలి మహిళ. రికార్డు లేదన్నది నిజం కాదు, ఎవరూ వెతకలేదన్నదే నిజం. ఆ 17 మంది తరఫున వేదిక మీద మాట్లాడిన బక్ ఓనీల్ వయసు 94. ఆయన సొంత పేరు మాత్రం ఆ జాబితాలో లేదు. కొన్ని నెలలకే చనిపోయారు. 2021లో ఎంపిక చేశారు. 2024లో నీగ్రో లీగ్స్ గణాంకాలను మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపితే, జీవితకాల బ్యాటింగ్ సగటులో జోష్ గిబ్సన్ అందరికన్నా పైన నిలిచారు.

పేజ్ 1982 జూన్ 8న కాన్సస్ సిటీలో కన్నుమూశారు. మూడు రోజుల ముందే అక్కడి ఒక స్టేడియానికి ఆయన పేరు పెట్టారు.

మనం అడగాల్సింది

పేజ్ కథ చదువుతున్నంతసేపూ మాకు పల్వంకర్ బాలూ గుర్తొస్తూనే ఉన్నారు. ధార్వాడ్‌లో చమార్ కుటుంబంలో పుట్టి, పూణేలో పార్సీల క్లబ్బులో పిచ్ చదును చేసే పనితో మొదలుపెట్టిన స్పిన్నర్. మైదానంలో ఆయన ముట్టిన బంతిని ముట్టుకున్న హిందూ జట్టు సభ్యులే, టీ వేళకు ఆయనకు బయట వేరే కప్పులో పోయించారు. 1911 ఇంగ్లాండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసినా కెప్టెన్సీ ఇవ్వలేదు. 1923లో ఆ పదవి తమ్ముడు విఠల్‌కు దక్కింది. భారత్ తొలి టెస్ట్ ఆడింది 1932లో. అప్పటికి బాలూ ఆట అయిపోయింది. టెస్ట్ మ్యాచ్‌ల లెక్కతో గొప్పవాళ్లను ఎంచే ఏ జాబితాలోనూ ఆయనకు ఒక్క గీత కూడా పడదు.

అందుకే అర్హత అనే మాట వినపడగానే తల దించుకోవాల్సిన పని లేదు. ఆ అర్హతను ఎవరు రాశారు, ఓటు ఎవరి చేతిలో ఉంది, రికార్డు ఎవరు రాసుకున్నారు అని అడగాలి. తలుపు తెరిచామన్నప్పుడు ఏ గోడకు తగిలిస్తున్నారో కూడా చూడాలి. విశ్వవిద్యాలయ నియామకమైనా, పురస్కారమైనా, ఆటల జట్టైనా ఈ ప్రశ్నలు మారవు. 1971లో పేజ్ తరఫున కొందరు అడిగారు. అయిదు నెలల్లో గోడ మారింది.