రాజు కడుపు కోసి బతికించిన సర్జన్.. కన్నకూతురిని కాపాడుకోలేకపోయారు!

1902 జూన్ 24. లండన్ వీధులన్నీ జెండాలతో, తోరణాలతో నిండిపోయాయి. ఇంకో రెండు రోజుల్లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం. అప్పట్లో మన దేశానికీ చక్రవర్తి ఆయనే కాబట్టి ఇక్కడి నుంచి రాజులు, సిపాయిలు కూడా వెళ్లారు. జైపూర్ మహారాజు అయితే మనిషిని మించిన పెద్ద పెద్ద వెండి బిందెల్లో గంగాజలం నింపుకుని మరీ ఓడెక్కారు. అంతా సిద్ధం. కానీ ఆ రోజు మధ్యాహ్నం రాజు ఉన్నది బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో, ఆపరేషన్ టేబుల్ మీద. కత్తి పట్టుకున్న సర్జన్ పేరు సర్ ఫ్రెడరిక్ ట్రీవ్స్.

జబ్బు ఏదో కొత్తది కాదు. మన ఊళ్లలో 24 గంటల కడుపునొప్పి అంటారే, అదే. అపెండిక్స్.

ట్రీవ్స్ పెద్దింటి బిడ్డేం కాదు. 1853లో ఇంగ్లండ్‌లోని డార్చెస్టర్ అనే చిన్న పట్నంలో పుట్టారు. తండ్రిది కుర్చీలు, సోఫాలు చేసి అమ్మే దుకాణం. కొడుకు లండన్ వెళ్లి వైద్యం చదివి, వైట్‌చాపెల్‌లోని లండన్ హాస్పిటల్‌లో కుదురుకున్నారు. అది కూలీలు, ఓడరేవు పనివాళ్లు, పొట్ట చేతపట్టుకుని వలసొచ్చిన వాళ్లు ఉండే పేటలోని పెద్ద దవాఖానా. ఆయన విద్యార్థిగా ఉన్న రోజుల్లో అక్కడి పరిస్థితి వింటే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. సర్జన్ వేసుకునే కోటు ఎండిన నెత్తురుతో అట్టకట్టి ఉండేది. ఉతికేవాళ్లు కాదు. ఒకే స్పాంజి, ఒకే గిన్నెలో నీళ్లతో వార్డులో అందరి పుళ్లూ తుడిచేవారు. ఆపరేషన్ కన్నా ఆపరేషన్ తర్వాత వచ్చే చీమే ఎక్కువ మందిని తీసుకుపోయేది. కడుపు తెరవడం అంటే పేషెంట్ మీద ఆశ వదులుకున్నట్టే. లిస్టర్ చెప్పిన క్రిమిసంహారక పద్ధతులు మెల్లగా పాకిన తర్వాతే సర్జన్లకు కడుపు జోలికి వెళ్లే ధైర్యం వచ్చింది.

ట్రీవ్స్ ఆ ధైర్యాన్ని గుడ్డిగా వాడలేదు. ముందు కడుపు లోపల ఏముందో తెలుసుకోవాలనుకున్నారు. వంద మృతదేహాల్లో పేగుల పొడవు, అవి ఎలా చుట్టుకుని ఉంటాయి, ఏ పొర ఎక్కడ అతుక్కుని ఉంటుంది అన్నవన్నీ కొలిచి రాసుకున్నారు. 1885లో రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లో వాటి మీద లెక్చర్లు ఇచ్చారు. చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోట ఉండే ఒక చిన్న మడతను సర్జన్లు ఇప్పటికీ ట్రీవ్స్ పేరుతోనే పిలుస్తారు. పేగుల్లో అడ్డు పడే జబ్బు మీద రాసిన వ్యాసానికి ఆయనకు అదే కాలేజీ నుంచి బహుమతి వచ్చింది.

బయటి లోకానికి మాత్రం ఆయన పేరు వేరే కారణంతో తెలుసు. శరీరమంతా వికృతంగా పెరిగిపోయి, సంతల్లో ప్రదర్శన వస్తువుగా బతికిన జోసెఫ్ మెరిక్‌కు లండన్ హాస్పిటల్‌లో నీడ దొరకడంలో ట్రీవ్స్ చేయి ఉంది. జనం అతన్ని ఏనుగు మనిషి అనేవారు. 1890లో, 27 ఏళ్లకే, మెరిక్ ఆ ఆస్పత్రి గదిలోనే చనిపోయాడు. సినిమా కూడా వచ్చింది కాబట్టి అందరూ ఆ కథే చెప్పుకుంటారు. కానీ డాక్టర్‌గా ట్రీవ్స్ జీవితాన్ని పట్టి ఊపేసింది చిటికెన వేలంత అపెండిక్సే.

పెద్దపేగు మొదట్లో, కుడివైపు కింద వేలాడే సన్నని గొట్టం అది. దాని మూతి మూసుకుపోతే వాస్తుంది, చీము పడుతుంది. నొప్పి మొదట బొడ్డు చుట్టూ వచ్చి, తర్వాత కుడివైపు కిందికి దిగుతుంది. ఆకలి చచ్చిపోతుంది, వాంతులవుతాయి. పగిలితే చీము కడుపంతా పాకుతుంది. మందులు లేని ఆ రోజుల్లో అలా పాకితే బతికేవాళ్లు తక్కువ. ఒక్కోసారి మాత్రం చుట్టూ ఉన్న పేగులు, కొవ్వు పొర వచ్చి ఆ చీముకు గోడ కట్టేస్తాయి. అప్పుడు అది ఒక గడ్డలా నిలబడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఇలాంటి నొప్పికి ఆముదం పట్టించే అలవాటు మన దగ్గర ఇంకా పూర్తిగా పోలేదు. అపెండిక్స్ అయితే అది చాలా ప్రమాదం.

అసలు ఈ జబ్బంతా అపెండిక్స్ నుంచే వస్తుందని, త్వరగా ఆపరేషన్ చేయాలని 1886లో అమెరికాలోని బోస్టన్ డాక్టర్ రెజినాల్డ్ ఫిట్జ్ తేల్చి చెప్పారు. జబ్బుకు అపెండిసైటిస్ అని పేరు పెట్టిందీ ఆయనే. 1889లో న్యూయార్క్ సర్జన్ చార్లెస్ మెక్‌బర్నీ కడుపు మీద సరిగ్గా ఎక్కడ నొక్కితే నొప్పి ఎక్కువో గుర్తు చూపించారు. అక్కడి సర్జన్లు ఆగకుండా కోయడం మొదలుపెట్టారు.

ట్రీవ్స్ దారి వేరు. 1887లోనే ఆయన మళ్లీ మళ్లీ నొప్పి వస్తున్న ఒక పేషెంట్‌కు, నొప్పి లేని సమయం చూసి ఆపరేషన్ చేసి, మెలిపడిన అపెండిక్స్‌ను సరిచేశారు. పేషెంట్ కోలుకున్నాడు. అదే ఆయన సూత్రమైంది. నొప్పి మంట మీద ఉన్నప్పుడు కత్తి పెట్టొద్దు, చల్లబడ్డాక చేద్దాం అని. ఇందులో లాజిక్ లేకపోలేదు. చాలా మందికి నొప్పి దానంతటదే తగ్గేది. చీము మీద ఉన్న కడుపును తెరిస్తే ఆపరేషనే చంపేది. కానీ ఎవరికి తగ్గుతుంది, ఎవరికి పగులుతుంది అని ముందే చెప్పేదెలా? స్కానింగ్ లేదు, రక్తపరీక్షలు ఇప్పటిలా లేవు. డాక్టర్ చేయి, నాడి, థర్మామీటర్. అంతే. ఆ లెక్క తప్పినప్పుడు నష్టం పేషెంట్‌దే.

1900లో ఆ నష్టం ఆయన ఇంటికే వచ్చింది. బోయర్ యుద్ధంలో గాయపడ్డ సైనికులకు దక్షిణాఫ్రికాలో చికిత్స చేసిన సంవత్సరమే అది. చిన్నకూతురు హెట్టీ అపెండిసైటిస్‌తో చనిపోయింది. వయసు 18. ఇంగ్లండ్‌లో ఆ జబ్బు గురించి ఎక్కువ తెలిసిన వాళ్లలో ఒకరు ఆ అమ్మాయి తండ్రే. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

అయినా ట్రీవ్స్ తన అభిప్రాయం మార్చుకోలేదు. 1902 జూన్ 20న ఇచ్చిన ఒక ముఖ్యమైన ఉపన్యాసంలో కూడా ఎక్కువ కేసులు ఆపరేషన్ లేకుండానే తగ్గుతాయని, తొందర వద్దని వాదించారు. విచిత్రం ఏమిటంటే, ఆ మాటలు చెబుతున్న సమయానికే ఆయన చేతిలో ఒక పేషెంట్ ఉన్నారు. ఆ పేషెంటే రాజు.

జూన్ మధ్యలో ఆల్డర్‌షాట్‌లో ఉన్నప్పుడు రాజుకు కడుపునొప్పి మొదలైంది. ఆస్థాన వైద్యుడు లేకింగ్ 18న ట్రీవ్స్‌ను పిలిపించారు. కుడివైపు కింద వాపు, జ్వరం. రెండు మూడు రోజుల్లో తగ్గినట్టే కనిపించింది. ఆయన సూత్రమే గెలిచింది అనిపించి ఉండాలి. 23న రాజు లండన్ చేరారు. ఆ రాత్రే జ్వరం, నొప్పి మళ్లీ లేచాయి. పొద్దున్నే ముసలి లిస్టర్‌తో సహా పెద్ద డాక్టర్లంతా కూర్చుని ఇక ఆగలేమని తేల్చారు. రాజు ఒప్పుకోలేదు. జనాన్ని నిరాశపరచను, పట్టాభిషేకానికి వెళ్లి తీరతానని పట్టుబట్టారు. అలా వెళ్తే శవంగానే వెళ్లాల్సి ఉంటుందని ట్రీవ్స్ మొహం మీదే చెప్పారు. 60 ఏళ్లు, భారీ కాయం, చుట్టలు తెగ తాగే మనిషి, మత్తు ఇవ్వడమే ఒక గండం. రాజు టేబుల్ మీద పోతే ట్రీవ్స్ పేరు చరిత్రలో ఎలా మిగిలేదో ఊహించుకోవచ్చు.

లోపల చీము గడ్డ దొరికింది. దాన్ని తెరిచి, చీము బయటికి పోయేలా గొట్టాలు పెట్టారు. అపెండిక్స్‌ను మాత్రం తీయలేదు. ఆ స్థితిలో దాని కోసం వెతికితే కట్టుకున్న గోడ కూలి చీము కడుపంతా పాకే ప్రమాదం ఉంది. పట్టాభిషేకం వాయిదా పడింది, విందు కోసం చేసిన వంటకాలు తూర్పు లండన్ పేదలకు వెళ్లాయి. మర్నాటికి రాజు మంచం మీద కూర్చుని చుట్ట కాల్చుతున్నారు! ఆగస్టు 9న కిరీటం పెట్టుకున్నారు.

అప్పటిదాకా ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో కూడా చోటు దొరకని ఆ జబ్బు పేరు ఇంటింటికీ తెలిసింది. రాజే చేయించుకున్నాక కడుపు ఆపరేషన్ అంటే జనానికి భయం తగ్గింది. త్వరగా కోయాలన్న అమెరికా సర్జన్ల దారే తర్వాత అందరిదీ అయింది. ఇప్పుడు స్కానింగ్‌లు, యాంటీబయాటిక్స్ వచ్చాక పగలని అపెండిక్స్‌ను కొందరు పేషెంట్లలో మందులతోనే చూసే పద్ధతి మళ్లీ వచ్చింది. అయితే అది ఆస్పత్రిలో, డాక్టర్ల కళ్లముందు చేసే పని. ఇంట్లో ఓర్చుకుంటూ కూర్చోవడం వేరు.

ట్రీవ్స్ తర్వాత కత్తి పక్కనపెట్టి దేశాలు తిరిగారు. మన దేశానికీ వచ్చారు, ఆ ప్రయాణం మీద పుస్తకం రాశారు. 1923లో వచ్చిన చివరి పుస్తకంలో మెరిక్ కథతో పాటు ఇంకో కథ ఉంది. దాన్ని ఎక్కువ మంది పట్టించుకోరు. తన చేతుల మీద నమ్మకం ఎక్కువైన ఒక కుర్ర సర్జన్, అపెండిసైటిస్ వచ్చిన భార్యకు తానే ఆపరేషన్ చేస్తాడు. ఆమె చనిపోతుంది. హెట్టీ పోయి అప్పటికి 23 ఏళ్లు.

అదే ఏడాది డిసెంబర్ 7న స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో, 70 ఏళ్ల వయసులో ట్రీవ్స్ కన్నుమూశారు. కారణం పెరిటోనైటిస్. అంటే కడుపు లోపలి పొరకు చీము పట్టడం. అస్థికలను సొంతూరు డార్చెస్టర్‌కు తెచ్చారు. 83 ఏళ్ల రచయిత థామస్ హార్డీ ఆ చలిలో వచ్చి నిలబడ్డారు. హార్డీ కుర్రతనంలో కొనుక్కున్న మొదటి రాతబల్ల ట్రీవ్స్ తండ్రి దుకాణంలోదే.