కెన్నెడీ చట్టం.. ఏడేళ్లు ఒక్కరికీ అందలేదు

జాన్‌ ఎఫ్‌. కెన్నెడీ అంటే మీకేం గుర్తొస్తుంది? చంద్రుడి మీదకు మనిషిని పంపాలన్న పట్టుదల, క్యూబా క్షిపణుల సంక్షోభం, డాలస్‌ కాల్పులు. జీకే పుస్తకాల్లో ఉండేది దాదాపు ఇంతే. 1962లో ఆయన సంతకం చేసిన ఒక వాణిజ్య చట్టం గురించి పెద్దగా ఎవరూ అడగరు. విదేశీ సరకు పోటీకి ఫ్యాక్టరీ మూతపడితే అందులో పనిచేసేవాడి సంగతేంటి? ఈ ప్రశ్నకు అమెరికా ప్రభుత్వం చట్టరూపంలో ఇచ్చిన మొదటి జవాబు అందులోనే ఉంది. ఉద్యోగం కోసం తిరుగుతున్న మీకు ఈ కథ పనికొస్తుంది.

కెన్నెడీ 1917 మే 29న మసాచుసెట్స్‌ రాష్ట్రంలోని బ్రూక్‌లైన్‌లో పుట్టారు. తండ్రి బాగా డబ్బున్న వ్యాపారి. పిల్లల పేరిట ట్రస్టులు పెట్టారు కాబట్టి జాన్‌కి ఒకటో తారీఖు జీతం కోసం ఎదురుచూడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. 1940లో హార్వర్డ్‌ డిగ్రీ, ఆ తర్వాత నౌకాదళం. 1943 ఆగస్టులో సోలమన్‌ దీవుల దగ్గర ఆయన నడిపే చిన్న యుద్ధ పడవను జపాన్‌ నౌక ఢీకొట్టి రెండు ముక్కలు చేసింది. గాయపడిన సహచరుడి లైఫ్‌జాకెట్‌ పట్టీని పళ్ల మధ్య బిగించి, ఈదుకుంటూ ఒడ్డుకు చేర్చారు. నౌకాదళం నుంచి బయటికొచ్చాక కొన్నాళ్లు విలేకరి. 1946లో ప్రతినిధుల సభకు, 1952లో సెనేట్‌కు గెలిచారు.

ఉద్యోగం పోవడమంటే ఏంటో ఆయనకు దగ్గరగా తెలిసింది సెనేటర్‌ అయ్యాకే అనుకోవచ్చు. మసాచుసెట్స్‌లో లారెన్స్‌, లోవెల్‌ లాంటి ఊళ్లు బట్టల మిల్లుల మీద బతికినవి. ఆ మిల్లులు కూలి తక్కువగా ఉండే దక్షిణాది రాష్ట్రాలకు తరలిపోతున్నాయి, లేదా మూతపడుతున్నాయి. 1953లో కెన్నెడీ ఈ సమస్య మీదే సెనేట్‌లో వరసగా ప్రసంగాలు చేశారు.

అదే సమయంలో దిగుమతుల గురించి ఇంకో చర్చ నడుస్తోంది. సుంకాలు తగ్గిస్తే దేశానికి లాభమే, కానీ దెబ్బ తినేది మాత్రం ఏ ఒక్క ఊరో, ఏ ఒక్క మిల్లో. మరి లాభం అందరిదైనప్పుడు నష్టం కొందరి నెత్తిన ఎందుకు వేయాలి? ఉక్కు కార్మిక సంఘం అధ్యక్షుడు డేవిడ్‌ మెక్‌డొనాల్డ్‌, ప్రభుత్వం వేసిన వాణిజ్య విధాన కమిషన్‌లో సభ్యుడిగా ఉండి, నష్టపోయిన కార్మికులకు సర్కారే సాయం చేయాలని ప్రతిపాదించారు. కమిషన్‌ ఒప్పుకోలేదు. 1954లో కెన్నెడీ దాన్నే బిల్లుగా సెనేట్‌లో పెట్టారు. అదీ ముందుకు కదల్లేదు.

1960 ఎన్నికల ప్రచారం ఆయన్ను వెస్ట్‌ వర్జీనియా బొగ్గు గనుల ఊళ్లకు తీసుకెళ్లింది. అక్కడ పనుల్లేని కుటుంబాలను చూశారు. 1961 జనవరిలో అధ్యక్షుడయ్యాక జారీ చేసిన మొదటి ఉత్తర్వు పేదలకిచ్చే ఆహార సరకులను పెంచేది కావడం గమనించండి.

1962 అక్టోబర్‌ 11న వాణిజ్య విస్తరణ చట్టం మీద సంతకం చేశారు. ఐరోపా ఉమ్మడి మార్కెట్‌తో బేరమాడటానికి సుంకాలను సగం దాకా తగ్గించే అధికారం అధ్యక్షుడికి దక్కింది. దానికి జోడీగా కార్మికులకు సాయం: పోయిన వారపు జీతంలో 65 శాతం (దానికో పరిమితి ఉంది), 52 వారాల పాటు. శిక్షణలో ఉంటే ఇంకో 26 వారాలు, 60 ఏళ్లు దాటినవాళ్లకు అదనంగా 13 వారాలు. పని కోసం వేరే ఊరికి వెళ్తే కుటుంబం తరలించే ఖర్చు కూడా. ఈ హామీ ఉందనే కార్మిక సంఘాల సమాఖ్య చట్టానికి మద్దతిచ్చింది.

చదివితే బాగుంది కదా? ఇప్పుడు అర్హత నిబంధన చూడండి. దిగుమతులు పెరిగితే చాలదు. అవి ప్రధానంగా సుంకం తగ్గించడం వల్లే పెరిగాయని తేలాలి. ఆపైన ఉద్యోగం పోవడానికి ఆ దిగుమతులే ముఖ్య కారణమనీ తేలాలి. నిర్ణయం టారిఫ్‌ కమిషన్‌ది. ఒక బూట్ల ఫ్యాక్టరీ కార్మికుణ్ని ఊహించుకోండి. విదేశీ బూట్లు దుకాణాలు నిండా వచ్చాయి, ఇతని ఉద్యోగం పోయింది. కానీ అవి వచ్చింది సుంకం తగ్గినందుకా, అక్కడ కూలి తక్కువైనందుకా, జనం అభిరుచి మారినందుకా, ఇక్కడి మిషన్లు పాతబడినందుకా? ఇవన్నీ కలిసే జరుగుతాయి. అందులోంచి సుంకం వాటాను విడదీసి చూపించడం ఆర్థికవేత్తకే కష్టం, కార్మికుడి వల్ల ఏమవుతుంది?

1962 నుంచి 1969 నవంబర్‌ దాకా కార్మికుల దరఖాస్తు ఒక్కటీ నెగ్గలేదు. ఈలోగా కెన్నెడీ పేరుతోనే సాగిన సుంకాల చర్చలు 1967లో ముగిసి, పారిశ్రామిక సరకుల మీద సుంకాలు సగటున మూడో వంతు దాకా తగ్గాయి. అంటే చట్టంలో సగం చక్కగా పనిచేసింది, రెండో సగం కాగితం మీదే ఉండిపోయింది. మొదటిసారి సాయానికి అర్హత పొందింది ఉక్కు పరిశ్రమ కార్మికులు. అప్పటికి కెన్నెడీ చనిపోయి ఆరేళ్లు. 1963 నవంబర్‌ 22న ఆయన హత్య జరిగినప్పుడు వయసు 46.

ఆ సుంకం మెలిక 1974 చట్టంతో పోయింది. నిర్ణయాధికారం కార్మిక శాఖకు వచ్చింది. 1980లో ఐదు లక్షల మందికి పైగా ఈ సాయం అందుకున్నారు, వాళ్లలో ఎక్కువమంది కార్ల పరిశ్రమవాళ్లు. ఆ మరుసటి ఏడాదే రీగన్‌ ప్రభుత్వం కోత పెట్టింది. 2009లో మాత్రం సేవారంగాన్నీ చేర్చారు. సాఫ్ట్‌వేర్‌, కాల్‌సెంటర్‌ పనులు బెంగళూరుకో హైదరాబాద్‌కో తరలిపోతే ఉద్యోగం పోయిన అమెరికన్లూ దరఖాస్తు పెట్టుకోగలిగారు. మన సీనియర్లు ఆఫర్‌ లెటర్లు అందుకున్న రోజుల్లో అటువైపు నడిచిన కథ ఇది.

పథకం గడువును కాంగ్రెస్‌ పొడిగించలేదు. దాంతో 2022 జులై 1 నుంచి కొత్త దరఖాస్తుల ఆమోదం ఆగిపోయింది. అప్పటికే అర్హత పొందినవాళ్లకే ప్రయోజనాలు కొనసాగాయి.